పలాస జీడి గ్రేడింగ్ బల్లలకి ఎల్ఈడీ డ్రైవర్: ప్రాజెక్టు డైరీ

జనవరి, పండగ వెళ్ళాక

పలాస దగ్గర మా మావయ్యకి చిన్న జీడి యూనిట్ ఉంది. అందులో గ్రేడింగ్ బల్లలు నాలుగు. ఆ నాలుగింటికీ సరైన వెలుతురిచ్చే దీపాలు, వాటిని నడిపే డ్రైవర్లు (ఎల్ఈడీలకి సరైన కరెంటు అందించే చిన్న సర్క్యూట్లు) తయారు చెయ్యడం ఈ ప్రాజెక్టు. సాయంత్రం వోల్టేజీ పడిపోయినా వెలుతురు తగ్గకూడదు. కరెంటు పోతే చేతిలో పని ఆగకూడదు. పెట్టిన దీపం కొన్నేళ్ళు నిలవాలి. కరెంటు బిల్లు ఇప్పటికంటే తగ్గాలి.

బజార్లో ఎల్ఈడీ ట్యూబులు బోలెడు దొరుకుతున్నాయి, కొని తగిలిస్తే పోలేదా అన్నారు మావయ్య. ఇన్నాళ్ళూ చేసింది అదే. పాడైన బల్బులూ ట్యూబులూ ఒక గోనెసంచిలో వేసి స్టోర్‌రూములో పెట్టారు. ముందు ఆ సంచి ఇంటికి తెచ్చుకుని ఒక్కోటీ విప్పాను.

సగానికి పైగా వాటిలో రోగం ఒకటే. గుండ్రటి అల్యూమినియం బోర్డు మీద ఎల్ఈడీ చిప్పులన్నీ ఒకే వరసలో, అంటే సిరీస్‌లో ఉన్నాయి. వాటిలో ఒక చిప్పు నడిమధ్యన ఆవగింజంత నల్లమచ్చ. ఆ ఒక్కటి తెగిపోతే దారి తెగినట్టే, మిగతావన్నీ బాగున్నా బల్బు వెలగదు. ఆ బోర్డు మీదే ఏసీని డీసీగా మార్చే ఒక రెక్టిఫయరు, కరెంటుని అడ్డుకుని అదుపులో పెట్టే ఒక చిన్న లీనియర్ ఐసీ. అసలు స్విచింగ్ కన్వర్టరే (కరెంటుని వేగంగా ఆపుతూ వదులుతూ వోల్టేజీ మార్చేది) లేదు. మిగిలిన వోల్టేజీ అంతా ఆ ఐసీ వేడిగా మార్చి, ఎల్ఈడీలున్న పళ్ళెం మీదే వదులుతుంది. పొద్దున వోల్టేజీ ఎక్కువున్నప్పుడు వేడి పెరుగుతుంది. సాయంత్రం తక్కువున్నప్పుడు ఏసీ తరంగం శిఖరం దగ్గరే చిప్పులు వెలుగుతాయి, మిగతాసేపు ఆరిపోతాయి.

ఇంకొన్నిట్లో నిజమైన స్విచింగ్ డ్రైవరే ఉంది కానీ దాని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ తల ఉబ్బిపోయింది. ఈ కెపాసిటర్లకి వేడే శత్రువు. మోటుగా లెక్కేస్తే, వేడి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెండింతలవుతుంది, పెరిగితే సగమవుతుంది. బల్బు మెడలో, ఎల్ఈడీల వేడికి ఆనించి దాన్ని పెడితే ఎన్నాళ్ళుంటుంది? ఎల్ఈడీ తనంతట తాను పాడైన బల్బు ఆ సంచిలో నాకు దాదాపు కనిపించలేదు. అందుకే ఈ డైరీ అంతా డ్రైవరు గురించే.

అదే నెల, యూనిట్లో

దీపం చెయ్యడానికి ముందు పని చూడాలి. పిక్క ఉడికించి, కోసి, ఆరబెట్టి, పొట్టు తీశాక పప్పు ఈ బల్లల మీదికి వస్తుంది. గుండు, బద్ద, ముక్క వేరు చేస్తారు. గుండ్లలో మళ్ళీ సైజులు: డబ్ల్యూ-180, 210, 240, 320. డబ్ల్యూ-320 అంటే పౌనుకి, అంటే సుమారు 454 గ్రాములకి, 300 నుంచి 320 గుండ్లు తూగాలి. సైజు చెయ్యి చెప్పేస్తుంది. రంగు మాత్రం కన్నే చెప్పాలి. తెల్లపప్పు ఒక గ్రేడు, కాస్త మాడి గోధుమరంగు తిరిగింది ఇంకో గ్రేడు. రెండిటికీ ధరలో తేడా ఉంది. కలిసిపోతే కొనేవాడు మొత్తం బస్తాని కింది గ్రేడు లెక్కన అడుగుతాడు.

అక్కడ అందరికంటే సీనియర్ అయిన పిన్నిని అడిగాను, ఈ లైట్లతో ఇబ్బందేంటి అని. "రంగు పగలే తెలుస్తాది బాబూ. సందేళ ఈ లైటు కింద తెల్లదీ ఒకటే, మాడిందీ ఒకటే. కాసేపటికి తల దిమ్మెక్కుతాది" అంది. రంగు, తలనొప్పి: ఈ రెంటికీ కారణం కొలతల్లో దొరకాలి.

మల్టీమీటరు పెట్టి చూస్తే పొద్దున 236 వోల్టులు. సాయంత్రం ఏడింటికి 168. లైను చివర ఉన్న ఊరు, పక్కన మోటార్లు, ఇదేమీ వింత కాదు. బల్ల మీద లక్స్ మీటరు (వెలుతురు కొలిచేది) పొద్దున 170 చూపించింది, సాయంత్రం అందులో సగం దగ్గరకి దిగింది. పప్పులో రంగు తేడా పట్టే పనికి ఇది ఏ మూలకీ చాలదు.

తలనొప్పి సంగతి. ఫోను కెమెరాలో చూస్తే బల్ల మీద నల్లటి చారలు నడుస్తున్నాయి. దాన్ని అంకెల్లో పెట్టడానికి బీపీడబ్ల్యూ34 ఫొటోడయోడు (వెలుతురుని కరెంటుగా మార్చేది), దానికి అడ్డంగా ఒక రెసిస్టరు, దాన్ని ఆసిలోస్కోపుకి కలిపాను. ఇంతకు మించి సరంజామా అక్కర్లేదు. మన కరెంటు 50 హెర్ట్జులు కనుక వెలుతురు సెకనుకి 100 సార్లు ఊగుతుంది. ఎక్కువలోంచి తక్కువ తీసేసి, ఆ రెండిటి మొత్తంతో భాగిస్తే ఫ్లికర్ శాతం వస్తుంది. సాయంత్రం వోల్టేజీలో అది 60 దగ్గర తేలింది. ఐఈఈఈ 1789 అనే 2015 నాటి సిఫార్సు ప్రకారం 100 హెర్ట్జుల దగ్గర 8 శాతం లోపు ఉంటే ముప్పు తక్కువ. 60కీ 8కీ మధ్య దూరం చూశాక పిన్ని మాటకి వేరే రుజువు అక్కర్లేకపోయింది.

ఫిబ్రవరి

మొదటి డిజైను: నేరుగా మెయిన్స్ మీద నడిచే బక్ కన్వర్టర్, అంటే వోల్టేజీని దించే సర్క్యూట్. ఐసీ హెచ్‌వి9910బి. 8 నుంచి 450 వోల్టుల డీసీ దాకా తట్టుకుంటుంది. బయట స్విచ్‌గా పనిచేసే ఒక మాస్‌ఫెట్, ఒక కాయిల్, ఒక డయోడు పెడితే చాలు. 24 చిప్పుల వరస, 72 వోల్టులు, 300 మిల్లీయాంపులు.

ఈ ఐసీని ఆఫ్-టైమ్ (స్విచ్ ఆగి ఉండే సేపు) మారకుండా నడిపించొచ్చు. ఆ పద్ధతి నాకు చాలా నచ్చింది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. స్విచ్ మూసుకుంటే, అంటే దారి కలిస్తే, కాయిల్లో కరెంటు పెరుగుతుంది. కరెంటు కొలిచే సెన్స్ రెసిస్టరు మీద 250 మిల్లీవోల్టులు రాగానే స్విచ్ తెరుచుకుంటుంది. అక్కణ్ణించి నేను పెట్టినంత సేపు, సుమారు 10 మైక్రోసెకన్లు, తెరుచుకునే ఉంటుంది. ఆ కాసేపూ కాయిల్ తన దగ్గరున్న శక్తిని డయోడు ద్వారా ఎల్ఈడీలకి ఇస్తుంది. ఈలోపు కరెంటు ఎంత తగ్గుతుంది? ఎల్ఈడీ వోల్టేజీని 10 మైక్రోసెకన్లతో గుణించి కాయిల్ విలువతో భాగించినంత. ఆ లెక్కలో లైను వోల్టేజీ ఎక్కడా లేదు. శిఖరం స్థిరం, తగ్గుదల స్థిరం, కాబట్టి సగటు కూడా స్థిరం. 236 ఉన్నా 168 ఉన్నా ఎల్ఈడీకి తేడా తెలియదు.

ముందు వైపు వ్యాలీ-ఫిల్ పెట్టాను. ఇందులో రెండు కెపాసిటర్లు సిరీస్‌లో చార్జ్ అయి, ప్యారలల్‌గా ఖాళీ అవుతాయి. డీసీ వోల్టేజీ శిఖరంలో సగానికి కిందికి రాదు. మామూలు రెక్టిఫయరు, పెద్ద కెపాసిటర్ పెడితే పవర్ ఫ్యాక్టర్ (లైను నుంచి లాగే కరెంటులో పనికొచ్చే వంతు) 0.5, 0.6 మధ్య ఉంటుంది. దీంతో 0.9 దాకా వెళ్ళొచ్చు. 168 వోల్టుల దగ్గర శిఖరం 237, అందులో సగం 118, ఎల్ఈడీకి కావాల్సింది 72. సరిపోయింది. అయితే అక్కడ డ్యూటీ సైకిల్ (మొత్తంలో స్విచ్ మూసుకుని ఉండే సేపు వంతు) 0.6 దాటుతుంది. ఫ్రీక్వెన్సీ మారకుండా నడిపే పద్ధతిలో 0.5 దాటితే కరెంటు ఒక పల్సు ఎక్కువ, ఒక పల్సు తక్కువగా తడబడుతుంది. ఆఫ్-టైమ్ మారని పద్ధతిలో ఆ జబ్బు రాదు.

వేరియాక్ (వోల్టేజీని తిప్పి మార్చే ట్రాన్స్‌ఫార్మర్) మీద పెట్టి 150 నుంచి 265 దాకా తిప్పాను. ఎల్ఈడీ కరెంటు రెండు శాతం కూడా కదల్లేదు. 230 దగ్గర ఎఫిషియెన్సీ 88 శాతం. బెంచి మీద ఇంతకంటే కోరుకునేది లేదు.

అయినా దీన్ని ఆ బల్లల మీద పెట్టను. గ్రేడింగ్ బల్లల పైభాగం స్టీలు రేకు. చేసేవాళ్ళు చెప్పులు లేకుండా కూర్చుంటారు, పక్కనే చేతులు కడుక్కునే నీళ్ళు. ఈ డిజైనులో ఎల్ఈడీ వరసకీ లైనుకీ మధ్య విడదీసే ట్రాన్స్‌ఫార్మర్ లేదు. చిప్పులున్న అల్యూమినియం బోర్డుకీ లైవ్‌కీ మధ్య ఉన్నది పలచటి ఇన్సులేషన్ పొర ఒక్కటే. ఎత్తుగా సీలింగుకి వేలాడే దీపానికి ఇది సరే. నాకేమో దీపం చేతికందే ఎత్తులో కావాలి, ఎందుకో తర్వాత చెప్తాను. ఎర్తింగు చేయించినా, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్, పెట్టినా (ఆ రెండూ చేయించాం) చేతికందే చోట లైవ్ ఉండకూడదన్నది నా గట్టి పట్టు. కొన్ని శాతాల ఎఫిషియెన్సీ కోసం ఆ మనుషుల చేతుల్ని పణంగా పెట్టలేం.

మార్చి

కొత్త ఏర్పాటు: 230 వోల్టులు ఉండేది గోడ మీది ఒక్క పెట్టెలోనే. అందులో విడదీసే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న 27.6 వోల్టుల చార్జర్ రకం ఎస్ఎంపీఎస్ (ఏసీని డీసీగా మార్చే పవర్ సప్లై), దానికి ఫ్లోట్‌లో రెండు 12 వోల్టుల, 18 ఏహెచ్ సీల్డ్ లెడ్ బ్యాటరీలు. 27.6 ఎందుకంటే, ఒక్కో బ్యాటరీని ఎప్పుడూ చార్జింగులో ఉంచడానికి 13.8 వోల్టులు సరిగ్గా సరిపోతుంది. అక్కణ్ణించి బల్లలకి తక్కువ వోల్టేజీ డీసీ వైరు. ప్రతి బల్ల దగ్గరా నేను చేసిన చిన్న బక్ డ్రైవరు. కరెంటు పోతే రిలే లేదు, మారేది లేదు. ఎల్ఈడీకి పోయినట్టు తెలియనే తెలియదు.

పలాసలో బ్యాటరీ ఎందుకు అని ఎవరూ అడగరు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు నేలకొరిగాయి, రోజుల తరబడి కరెంటు లేదు. నాలుగు బల్లలకీ కలిపి నా లెక్క 46 వాట్లు, అంటే బ్యాటరీ నుంచి రెండు యాంపుల లోపు. బ్యాటరీని సగానికి మించి వాడకుండా నాలుగు గంటలు వస్తుంది. తుపానుకి చాలదు, మామూలు కోతలకి ఎక్కువే.

డ్రైవర్ ఐసీ పీటీ4115. 30 వోల్టుల దాకా పనిచేస్తుంది, సెన్స్ 100 మిల్లీవోల్టులు, స్విచ్ లోపలే ఉంటుంది. నాకు కావాల్సింది 600 మిల్లీయాంపులు. 0.1ని 0.6తో భాగిస్తే 0.167 ఓములు. 0.33 ఓముల రెసిస్టర్లు రెండు పక్కపక్కన పెడితే 0.165, అంటే 606 మిల్లీయాంపులు. మొదటి బోర్డు మీద 588 మాత్రమే వచ్చింది. కారణం రాగి దారి. 1 మిల్లీమీటరు వెడల్పు, 10 మిల్లీమీటర్ల పొడవున్న మామూలు పీసీబీ ట్రాకు సుమారు 5 మిల్లీఓములు ఉంటుంది. 165లో 5 అంటే మూడు శాతం, తేడా సరిగ్గా అంతే. రెండో బోర్డులో ఐసీ కాళ్ళ నుంచి రెసిస్టరు అంచులకే విడిగా దారులు తీశాను, 604 వచ్చింది.

ఇక ఎన్ని చిప్పులు సిరీస్‌లో పెట్టాలి? ఎఫిషియెన్సీ అంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది. బక్ కన్వర్టర్‌లో స్విచ్ తెరిచి ఉన్నంతసేపే డయోడు పనిచేస్తుంది. ఎల్ఈడీ వోల్టేజీ సప్లైకి ఎంత దగ్గరగా ఉంటే డయోడుకి అంత తక్కువ పని. 24 వోల్టుల నుంచి 9 వోల్టులకి దించితే డయోడు 60 శాతం సేపు మోయాలి. తక్కువ వోల్టేజీ తినే స్కాట్కీ డయోడు అయినా ఇచ్చే శక్తిలో 3 శాతం అక్కడే పోతుంది. అదే 18 వోల్టులకి దించితే అర శాతం. అందుకని డయోడు బదులు ఇంకో మాస్‌ఫెట్ పెట్టే సింక్రనస్ రకం నాకు అవసరం పడలేదు. మరి ఏడు చిప్పులు, 21 వోల్టులు పెడితే ఇంకా మంచిదిగా అంటే, బ్యాటరీ 22 దాకా దిగినప్పుడు స్విచ్, కాయిల్, సెన్స్ రెసిస్టరు తినేవి పోను మిగిలేది చాలదు, దీపం మసకబారుతుంది. ఆరే సరైన అంకె. బ్యాటరీ అడుగు చూసి ఎల్ఈడీ లెక్క పెట్టాలి, నిండు చూసి కాదు.

చిప్పులు 2835 సైజువి, ఒక్కోటి 60 మిల్లీయాంపులు, 3 వోల్టులు. బల్లకి అరవై. వాటిని కలిపే తీరు ముఖ్యం. ముందు పదేసి చిప్పులు ప్యారలల్, అలాంటి జట్లు ఆరు సిరీస్. ఒక చిప్పు తెగిపోతే ఆ జట్టులో మిగతా తొమ్మిదీ 67 మిల్లీయాంపుల చొప్పున పంచుకుంటాయి, వాటికది లెక్కలోది కాదు. ఒక చిప్పు షార్ట్ అయితే ఆ పదీ ఆరిపోతాయి, మిగతా యాభై మామూలుగానే వెలుగుతాయి, ఎందుకంటే డ్రైవరు పంపేది స్థిరమైన కరెంటు. గోనెసంచిలోని బల్బులకి లేని సదుపాయం ఇదే. దీపం పాడైనా ఒక్కసారిగా పాడవకూడదు.

కాయిల్ 100 మైక్రోహెన్రీలు తీసుకున్నాను. 68తో కూడా నడుస్తుంది కానీ అప్పుడు స్విచింగ్ 340 కిలోహెర్ట్జుల దాకా పోతుంది. 100తో 24 వోల్టుల దగ్గర సుమారు 230 దగ్గర ఆగుతుంది. స్విచ్ తెరుచుకుని మూసుకునే ప్రతిసారీ కొంత శక్తి పోతుంది కాబట్టి తక్కువే మేలు. ఫెర్రైటు చుట్టూ షీల్డ్ ఉన్న రకం కొన్నాను. షీల్డ్ లేనిది పెడితే పక్కనే ఉన్న రేడియో బరబరమంటోంది, పిన్ని వాళ్ళకి పనిలో పాటలు కావాలి.

మీటర్ల నుంచి చదివినవి: 27.6 వోల్టుల దగ్గర లోపలికి 0.415 యాంపులు, ఎల్ఈడీ మీద 18.1 వోల్టులు, 0.6 యాంపులు. అంటే 11.45 వాట్లు లోపలికి, 10.86 బయటికి, 94.8 శాతం. 24 దగ్గర 95.4. 21.5 దగ్గర 95.9. కరెంటు కొలిచేటప్పుడు మల్టీమీటర్‌ని నేరుగా దారిలో పెట్టొద్దు, దాని లోపలి రెసిస్టెన్సే వోల్టేజీ కొంత తినేస్తుంది. 0.1 ఓము షంట్ (కొలత కోసం దారిలో పెట్టే చిన్న రెసిస్టరు) పెట్టి, దాని మీది వోల్టేజీని చిన్న ఆర్‌సీ ఫిల్టరు గుండా చదవండి. 95 శాతాల దగ్గర ఒక శాతం కొలత తేడా వస్తే నష్టం లెక్క మొత్తం తారుమారవుతుంది.

మార్చి చివర

బోర్డుకి ప్లగ్గు పెట్టేటప్పుడు ఏం జరుగుతుందో ఆసిలోస్కోపులో చూశాను. ఇన్‌పుట్ దగ్గర 10 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ ఒక్కటే ఉంది. పొడుగాటి వైరు చివర దాన్ని గుచ్చగానే 27.6 వోల్టులు కాదు, ఒక్క క్షణం 46 దాకా ఎగిరింది. వైరుకి కాస్త ఇండక్టెన్స్ ఉంటుంది, సిరామిక్ కెపాసిటర్‌కి లోపలి రెసిస్టెన్స్ దాదాపు ఉండదు. ఈ రెండూ కలిస్తే వోల్టేజీ రెట్టింపు దాకా ఊగుతుంది. 30 వోల్టుల వరకు పనిచేసే ఐసీకి ఇది చేటు. ఒకసారి తట్టుకుంటుంది, రోజూ ప్లగ్గు పీకి పెట్టే చోట తట్టుకోదు. చాలామంది చేసిన బోర్డులు "ఊరికే పోయాయి" అనేది ఇక్కడే అని నా అనుమానం.

మందు చవకైనదే. సిరామిక్ పక్కన 100 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్. దాని లోపలి రెసిస్టెన్సే ఇక్కడ మనకి మేలు చేస్తుంది, ఊపుని తినేస్తుంది. మళ్ళీ గుచ్చి చూస్తే 29 దాటలేదు. 105 డిగ్రీల రకం, 50 వోల్టులది పెట్టి, కాయిల్‌కి దూరంగా బోర్డు అంచున ఉంచాను.

ఏప్రిల్

వైర్లు. డ్రైవరులో అర శాతం కోసం ఎంతో తంటాలు పడ్డాక, గోడ మీది పెట్టె నుంచి చివరి బల్ల దాకా 15 మీటర్ల వైరు లెక్క వేశాను. ఇంట్లో వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు కిలోమీటరుకి 12 ఓములు. పోను రాను 30 మీటర్లకి 0.36 ఓములు. నాలుగు దీపాల కరెంటూ చివరిదాకా వెళ్తే బ్యాటరీ మీద ఉన్నప్పుడు 0.7 వోల్టులు, అంటే మూడు శాతం వైరులోనే పోతుంది. పైగా ఈ డ్రైవర్లు వోల్టేజీ తగ్గితే కరెంటు ఎక్కువ లాగుతాయి, దాంతో నష్టం ఇంకా పెరుగుతుంది.

పెట్టెని షెడ్డు మూల నుంచి నడిమి గోడకి మార్చి, రెండు వైపులా రెండేసి బల్లలకి విడివిడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగాం. దాంతో వైరు నష్టం అర శాతం లోపుకి దిగింది. మేకులు కొట్టి పెట్టెని ఆరు గజాలు జరిపినందుకు వచ్చిన లాభం, నేను కాయిళ్ళు మార్చి మార్చి సంపాదించిన దానికంటే ఎక్కువ. కన్వర్టర్ ఒక్కదాన్నే పట్టుకుని ఎఫిషియెన్సీ లెక్కలు వేసేవాళ్ళకి నా మనవి ఇదే: మీటరు దగ్గర మొదలెట్టి పప్పు మీద పడే వెలుతురు దాకా లెక్కపెట్టండి.

అలా లెక్కపెడితే: ఎస్ఎంపీఎస్ 88 శాతం, వైరు 99.5, డ్రైవరు 95. మొత్తం 83. ఫిబ్రవరి డిజైను కంటే ఐదు శాతం తక్కువ. అది ఎక్కడ తిరిగొచ్చిందో ఇప్పుడు చెప్తాను.

పాత ట్యూబులు 11 అడుగుల ఎత్తులో ఉండేవి. వాటి వెలుతురు గోడలకీ, నడవకీ, రేకుల కప్పుకీ పోగా మిగిలింది బల్లకి. కొత్త దీపం బల్లకి రెండడుగుల పైన వేలాడుతుంది. తక్కువ వోల్టేజీ కాబట్టే అంత దగ్గరికి దించగలిగాను. ముప్పై చిప్పుల పట్టీలు రెండు, బల్లకి చెరో అంచున. ఒకటే మధ్యలో పెడితే చేతి నీడ సరిగ్గా పప్పు మీద పడుతోంది. కళ్ళకి చిప్పులు నేరుగా కనపడకుండా చానెల్ అంచుని వంచి, పాలరంగు కవరు వేశాను. ఇప్పుడు బల్ల మీద 700 లక్స్ చుట్టూ, పొద్దునా సాయంత్రమూ ఒకటే. పాతవి ఆరు ట్యూబులు, ఒక్కోటి 20 వాట్లు, 120. కొత్తవి గోడ దగ్గర కొలిస్తే అన్నీ కలిపి 55 వాట్ల లోపు. ఫొటోడయోడు పెట్టి చూస్తే 100 హెర్ట్జుల ఊపు ఒక శాతం కూడా లేదు. కాయిల్లో ఊపు మిగిలే ఉంది కానీ అది లక్షల హెర్ట్జుల్లో ఉంది, కన్ను దాన్ని అందుకోలేదు.

రంగు కోసం రెండు రకాల చిప్పులు తెప్పించి చూశాను, రెండూ 4000 కెల్విన్. ఒకటి సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 80, ఇంకోటి 95. 80 రకం వాటుకి వెలుతురు ఎక్కువిస్తుంది. సీఆర్ఐ అంకె ఎనిమిది లేత రంగుల సగటు, అందులో ముదురు ఎరుపు లేదు. ఆ ఎరుపుని ఆర్9 అని విడిగా చెప్తారు. మాడిన పప్పు గోధుమరంగు తేలాలంటే వెలుతురులో ఎరుపు ఉండాలి. పిన్నికి ఏది ఏదో చెప్పకుండా రెండు బల్లల మీద ఒకే గంపలోని పప్పు పోశాను. 95 రకం కింద కాసేపు ఏరి, నాలుగు గుండ్లు అరచేతిలో పెట్టి చూపించింది. "ఇవి ఆ బల్ల మీద తెల్లవాటిలో కలిసిపోనాయి. ఇక్కడ చూడు, నడుం దగ్గర ఎలాగుందో." గుండు వంపులో చిన్న మరక, గింజకి అతుక్కున్న పొట్టు నీడ అంత. ఎదురు బల్ల దీపం కింద నా కంటికి అది నిజంగానే కనపడలేదు. వాటుకి వెలుతురు తగ్గినా 95 రకమే పెట్టాం. పని కన్నుది అయినప్పుడు లూమెన్ల అంకె ఒక్కటే చూడటం అన్యాయం.

మే

రేకుల షెడ్డు, ఉద్దానం ఉక్క. మధ్యాహ్నం బల్ల దగ్గర గాలే 41 డిగ్రీలు. చిప్పులున్న అల్యూమినియం పట్టీని కాశీబుగ్గలో కొన్న కిటికీ చానెల్‌కి థర్మల్ పేస్టు రాసి బిగించాను. గంటల తరబడి వెలిగాక పట్టీ 58 దగ్గర నిలిచింది. అరవై చిప్పులకి 11 వాట్లే పంచినందుకు ఈ చల్లదనం. పదిహేను పెద్ద చిప్పులతో ఇదే వెలుతురు తేవచ్చు, ఖర్చు తగ్గుతుంది, కానీ ఒక్కోచోట వేడి కేంద్రీకరిస్తుంది. డ్రైవరు బోర్డు దీపంలో లేదు, బల్ల కాలికి ఉన్న చిన్న డబ్బాలో, ఎల్ఈడీ వేడికి దూరంగా ఉంది. కాయిల్ 52, ఐసీ 61. కెపాసిటర్ 47 దగ్గరుంది, 105 డిగ్రీల రకానికి ఇది హాయి.

పట్టీకి పైన సన్నటి పొట్టు ధూళి చేరుతోంది. వారానికోసారి పొడిగుడ్డతో తుడవమని చెప్పాను, కవరు గీతలు పడకుండా.

బ్యాటరీ కటాఫ్ బోర్డు కూడా ఈ నెలలోనే పెట్టాను. 22 వోల్టులకి దిగితే దీపాలు ఆపేస్తుంది, మళ్ళీ 25 దాటాకే వెలిగిస్తుంది. రెండిటి మధ్యా ఇంత ఎడం ఎందుకంటే, లోడు తీసెయ్యగానే బ్యాటరీ వోల్టేజీ తనంతట తాను కాస్త లేస్తుంది. ఎడం తక్కువైతే దీపాలు ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. మొన్న గాలివానకి సాయంత్రమంతా కరెంటు లేదు. బల్లలు నాలుగూ నడిచాయి, పని ముగిసేసరికి బ్యాటరీ 24.3 చూపించింది.

తర్వాత పని: పొట్టు తీసే షెడ్డు. అక్కడ బల్లలు లేవు, నేల మీద గుండ్రంగా కూర్చుంటారు, ధూళి నాలుగింతలు. పప్పు రంగు ఏరేది అక్కడ కాదు కాబట్టి 80 సీఆర్ఐ చాలు. పట్టీ బదులు నిలువు స్తంభానికి నాలుగు వైపులా దీపం ఆలోచిస్తున్నాను. అదే డ్రైవరు, అదే 604 మిల్లీయాంపులు, బోర్డు మీద వార్నిష్ పూత, డబ్బాకి రబ్బరు అంచు. పెట్టెలో ఎస్ఎంపీఎస్ సగమే వాడుతున్నాం, ఇంకో మూడు దీపాలకి చోటుంది. వైరు మాత్రం అక్కడికి 22 మీటర్లు, అందుకని 4 చదరపు మిల్లీమీటర్లది ఆర్డరు పెట్టాను.